లెక్క అడిగిన మహనీయుడు: గోపాలకృష్ణ గోఖలే

ప్రజల సొమ్మునకు లెక్క చెప్పుమని పాలకుల నడుగుట ఈనాడు మనకు సామాన్యమైన హక్కుగా తోచుచున్నది. భూమి శిస్తు చెల్లించిన రైతునకును, పట్టణమున ఇంటిపన్ను కట్టిన గృహస్థునకును, ఆ ధనము ఏ దారిని పోయినదో తెలిసికొను అధికారము కలదని మనము నమ్ముచున్నాము. కాని ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. ఒక్క దినమున లభించినదియు కాదు. సభలో బలము లేక, గెలుపుమీద ఆశయైన లేక, కేవలము అంకెలను, సత్యమును చేతబట్టుకొని ఏటేట నిలిచి అడిగిన మహనీయులు కొందరుండుటచేతనే అది మనకు సంక్రమించినది. వారిలో అగ్రగణ్యుడు గోపాలకృష్ణ గోఖలే.

గోఖలే పేరు వినని వారు మన పాఠకులలో ఉండరు. అయినను గాంధీ మహాత్ముడు గురువుగా భావించిన పుణ్యపురుషుడనియు, మితవాదుల నాయకుడనియు తలచి ఊరకుండుటయే మనకు వాడుక. శాసనసభలో ఆయన చేసిన పని యేమి, ఏ యుపాయమున చేసెను, దానివలన ప్రజలకు కలిగిన లాభమేమి అని విచారించువారు అరుదు. శాసనసభ్యులకు నేడు సంపూర్ణాధికారములున్న కాలమున, ఏ యధికారమును లేని ఒక శాసనసభ్యుని చరిత్రము మనకు మిక్కిలి ఉపయోగకరమని మేము తలంచుచున్నాము.

ఆయన 1866వ సంవత్సరము మే 9వ తేదీన బొంబాయి రాజధానిలోని రత్నగిరి జిల్లా కోత్లూక్ గ్రామమున చిత్పావన బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. చిన్నతనముననే తండ్రి గతించెను. అన్నగారగు గోవిందరావు చదువు చాలించుకొని నెలకు 15 రూపాయల కొలువున కుదిరి, అందులో 8 రూపాయలు తమ్ముని చదువునకు పంపుచుండెను. మిగిలిన 7 రూపాయలతో ఇల్లు గడుపవలెను. ఆ 8 రూపాయలలో ప్రతి కాసునకును లెక్క వ్రాసికొనక తీరని బీదతనమున గోపాలుడు పెరిగెను. ఒక్కపూట భుజించియు, వీధి దీపముల వెలుతురున చదివియు ఆయన కాలము గడపెనని చెప్పుదురు. పదిమంది చెమట ఓడ్చి తెచ్చిన సొమ్మును వ్యయము చేయువాడు ఎంత జాగరూకుడై యుండవలెనో ఆయనకు నేర్పిన మొదటి గురువు ఆ దారిద్ర్యమేయని మా నమ్మకము.

1884లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో బి. ఎ. పట్టము నందిన ఆ పదునెనిమిదేండ్ల యువకునకు సర్కారు కొలువుగాని, న్యాయవాద వృత్తిగాని దుర్లభము కాదు. కాని ఆయన పూనాలో తిలక్, అగర్కర్ మున్నగువారు స్థాపించిన విద్యాసంఘమున చేరి, స్వల్ప వేతనమునకు జీవితములోని యౌవనకాలమంతయు విద్యాదానమునకే అర్పింప ప్రతిన పట్టెను. ఫెర్గూసన్ కళాశాలలో ఇంగ్లీషు, గణితము, చరిత్ర, అర్థశాస్త్రము బోధించెను. ఆయన రచించిన అంకగణిత గ్రంథము పాఠశాలలలో బహుళ వ్యాప్తి నందెను. బాలురకు లెక్కలు నేర్పిన ఈ ఉపాధ్యాయుడే పిమ్మట రాజప్రతినిధి సభలో ఆర్థిక సభ్యుల లెక్కలు దిద్దవలసినవాడగుట విధివిలాసము.

పూనాలో ఆయనకు మహాదేవ గోవింద రానడే సాంగత్యము లభించెను. రానడే న్యాయాధిపతి, అర్థశాస్త్రమునందును, చరిత్రమునందును పారంగతుడు. 1887 మొదలు ఆ మహానుభావుని సన్నిధిని గోఖలే చేసిన శుశ్రూష పూర్వకాలపు గురుకులవాసమును స్మరింపజేయును. దొరతనమువారు ప్రకటించు నివేదికలను, జనాభా లెక్కలను, ఆయవ్యయ పట్టికలను అక్షరమక్షరము చదివి, వానిలో దాగియున్న సత్యమును వెలికిదీయుట ఆయన అభ్యసించినది ఇచ్చటనే. శిష్యుడు తెచ్చిన వ్రాత రానడేకు తృప్తి కలిగించువరకు తిరిగి వ్రాయవలసినదే.

ఆనాడు పూనా సార్వజనిక సభ పక్షమున గోఖలే పెక్కు విజ్ఞాపన పత్రములు సిద్ధము చేసెను. నెలల తరబడి శ్రమించి వ్రాసిన పత్రమునకు దొరతనమువారు రెండు మూడు పంక్తులలో పొడి జవాబు పంపుచుండిరి. కొన్నిట అదియు లేదు. యువకుడగు గోఖలే విసిగి, ఈ వృథాప్రయాస యెందులకని గురువు నడిగెను. ఈ విజ్ఞాపనములు పేరునకు మాత్రమే దొరతనమువారి నుద్దేశించినవనియు, నిజముగా ఇవి ప్రజల నుద్దేశించినవే యనియు, ఇట్టి విషయములను గూర్చి ఆలోచించుట ప్రజలకు అలవడుటయే తత్కాలమున వీని ఫలమనియు రానడే బోధించెను. ఈ ఉపదేశము గోఖలే జీవితమున కంతకును సూత్రము వంటిది. సభలో నిలిచి ప్రశ్నించువాని కెదుట కూర్చుండువారు అధికారులే కావచ్చును. కాని ఆ ప్రశ్న చేరవలసిన స్థానము ప్రజాహృదయము.

1897లో, ముప్పదియొకటవ యేట, ఆయన తొలిసారి సముద్రము దాటెను. హిందూదేశపు వ్యయమును విచారించుటకై బ్రిటిషు ప్రభుత్వమువారు వెల్బీ ప్రభువు అధ్యక్షతను నియమించిన సంఘమునెదుట సాక్ష్యము చెప్పుటకు దీన్షా వాచా, సురేంద్రనాథ బెనర్జీ, సుబ్రహ్మణ్యయ్యరు వంటి పెద్దలతోపాటు ఆయనయు వెడలెను. దాదాభాయి నౌరోజీ ఆ సంఘమున సభ్యుడు. హిందూదేశపు ధనమును వ్యయపెట్టువారు ఆ ధనమిచ్చువారికి బాధ్యులు కాకుండుటయే సకల దోషములకు మూలమని ఆయన సాక్ష్యమున తేటపరచెను. ఎదుటివారు గుచ్చిగుచ్చి అడిగిన ప్రశ్నలకు తడుముకొనక సమాధానమిచ్చి, ఆ చిన్నవయసుననే పెద్దల మెప్పు వడసెను.

ఆ ప్రయాణముననే ఆయనకు మరువరాని పరాభవమును కలిగెను. పూనాలో మహామారి వ్యాపించినప్పుడు ఇండ్లు సోదాచేయ వచ్చిన సోల్జర్లు స్త్రీలయెడ అనుచితముగా ప్రవర్తించిరని మిత్రులు వ్రాసిన ఉత్తరములను నమ్మి, ఆయన ఆ సంగతిని ఇంగ్లండున ప్రకటించెను. స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట, ఆ నేరములకు రుజువు చూపుమని దొరతనమువారు నిలవేయగా, ఉత్తరములు వ్రాసినవారు ముందునకు రాలేదు. వారి పేరులు బయటపెట్టుట ఆయనకు ఇష్టము లేదు. అంతట నేరారోపణమును ఉపసంహరించుకొని బహిరంగముగా క్షమాపణ చెప్పెను. ఇది పిరికితనమని స్వజనులే దూషించిరి. ఆయన ఆ నిందను మౌనముగా సహించెను. రుజువులేని మాట ఎంత నిజమైనను సభలో నిలువదని ఆయనకు తెలిసివచ్చెను. తరువాతి కాలమున ఆయన యుపన్యాసములలో ఒక్క అంకెనైనను తప్పని త్రోసివేయుట అధికారులకు దుస్సాధ్యమగుటకు ఈ గాయమే కారణమని మేము తలంతుము.

1899లో ఆయన బొంబాయి శాసనసభకు ఎన్నికయ్యెను. కరవుచే నలిగిన రైతులకు భూమిపై గల హక్కులను కుదించు బిల్లు 1901లో ఆ సభకు రాగా, ఫిరోజిషా మెహతాతోకూడ దానినెదిరించి, లాభము లేకపోగా సభనుండి వెడలివచ్చెను. అదే సంవత్సరమున మెహతా విడిచిన స్థానమున రాజప్రతినిధి శాసనసభకు ఎన్నికయ్యెను. నాటినుండి మరణపర్యంతము ఆ స్థానము ఆయనదే.

ఆ సభ యెట్టిదో నేటివారికి కొంచెము విశదీకరింపవలెను. 1892 నాటి చట్టము ననుసరించి దానికి సభ్యులు కొలదిమంది. అందధికసంఖ్యాకులు సర్కారు ఉద్యోగులు. అధ్యక్షుడు సాక్షాత్తు రాజప్రతినిధి. మంత్రులను పేరు లేకున్నను, కార్యనిర్వాహక సభ్యులే మంత్రులవలె ఆర్థికము, రక్షణము మున్నగు శాఖలను ఏలుచుండిరి. ముందుగా వ్రాసి పంపిన ప్రశ్నకు వారు వ్రాసిన జవాబు చదువుదురు. ఆ జవాబుపై మరియొక ప్రశ్న వేయరాదు. ఏటికొక్కమారు ఆయవ్యయములపై ఉపన్యసింపవచ్చును గాని, అప్పటికే అన్నియు నిర్ణయమై యుండును. ఒక్క పద్దునైనను తగ్గింప సభ్యులకు అధికారము లేదు, తీర్మానము ప్రతిపాదించుటకు లేదు, ఓటు లేదు. అనేకులకు అది పరస్పర ప్రశంసలతో ముగియు దర్బారు. గోఖలేకు మాత్రము అది బోనులో ప్రతివాది నిలిచియున్న న్యాయస్థానము.

1902వ సంవత్సరము మార్చి 26వ తేదీన కలకత్తాలో, కర్జను ప్రభువు అధ్యక్షతను ఆయన చేసిన మొదటి ఆయవ్యయ విమర్శ హిందూదేశ చరిత్రమున స్మరణీయము. ఆర్థిక సభ్యుడగు సర్ ఎడ్వర్డు లా 7 కోట్ల రూపాయల మిగులు చూపెను. అంతకుముందు ఇట్టి మిగులు ఎరుగని దేశమది. సభయందలివారు అభినందనములు కురిపించిరి. గోఖలే లేచి, ఈ అభినందనములలో పాల్గొనుటకు తన మనస్సాక్షి ఒప్పదని నమ్రతతో తెలియజేసెను. అప్పటికి రెండేండ్ల క్రిందటనే 1899, 1900 సంవత్సరముల క్షామమున లక్షలకొలది ప్రజలు కడతేరిరి. ప్రజల గాదెలు ఖాళీయై యుండగా సర్కారు బొక్కసము నిండుట సంపదకు గురుతు కాదు, అధికపు పన్నులకు గురుతు అని ఆయన వాదము.

ఆ మిగులు ఎక్కడనుండి వచ్చినదో ఆయన విప్పిచెప్పిన తీరు సామాన్యునికైనను బోధపడునట్టిది. మన సర్కారు ఇంగ్లండునకు ఏటేట పంపవలసిన సొమ్మును పౌనులలో చెల్లించుచుండెను. రూపాయి వెల పడిపోయినకొలది ఆ భారము రూపాయలలో పెరిగెను. ఆ లోటు పూడ్చుటకని 1886లో ఆదాయపు పన్ను వేసిరి. 1888లో ఉప్పు పన్ను హెచ్చించిరి. పిమ్మట దిగుమతి సుంకములు విధించిరి. 1893లో టంకసాలలలో ప్రజల వెండిని నాణెములు కొట్టుట మాన్పి, క్రమముగా రూపాయి వెలను 16 పెన్నీలకు తెచ్చి నిలిపిరి. దానితో ఇంగ్లండు చెల్లింపుల భారము తగ్గెను. రోగము కుదిరిన పిమ్మట మందు మానవలెను గదా! కాని రోగము పేర వేసిన పన్నులు మాత్రము నిలిచియే యుండెను. అదియే మిగులు. ఈ విషయమును ఆయన సర్కారు పుస్తకములనుండియే నిరూపించెను.

అన్ని పన్నులకంటె ఆయనకు దుస్సహమైనది ఉప్పు పన్ను. 82 పౌనుల బంగాళా మణుగునకు 2 రూపాయల 8 అణాలు పన్ను. లక్షాధికారియు, కూలివాడును అన్నములో వేసికొను ఉప్పు ఇంచుమించు సమానమే. కావున ఈ పన్ను బీదవానిపైననే బరువుగా పడును. జనసంఖ్య పెరిగినను దానికి తగినట్లు ఉప్పు వాడకము పెరుగలేదని ఆయన లెక్కలు చూపెను. మనుష్యుడు నగలు మానవచ్చును, వేడుకలు మానవచ్చును; ఉప్పు తగ్గించుకొనుచున్నాడనగా లేమికి అంతకుమించిన సాక్ష్యమేల?

ఏటేట ఆయన ఇదే మాట అడిగెను. 1903లో ఉప్పు పన్ను 2 రూపాయలకు దిగెను. ఆ యేటనే ఆదాయపు పన్ను 500 రూపాయల ఆదాయమునుండి కాక 1000 రూపాయలనుండి వసూలుచేయ నారంభించిరి. 1905లో ఉప్పు పన్ను రూపాయిన్నర; 1907లో ఒక్క రూపాయి. ఇదంతయు ఆయన ఒక్కనివలననే జరిగెనని మేము చెప్పము. పూర్వమునుండి కాంగ్రెసు మహాసభ ఈ కోరికను కోరుచునే యుండెను. కాని సభలో ప్రతిసంవత్సరమును తప్పించుకొనరాని యుక్తులతో ఆ కోరికను సజీవముగా నిలిపినవాడు గోఖలే. మూకుడులో గంజిత్రాగు బీదవాని యిల్లు ఒక్కటియైన విడువక ఆ తగ్గింపు చేరినది. ఓటు లేని సభలో ఒక సభ్యుడు సాధింపగలిగినది స్వల్పమా? 1930లో గాంధీజీ దండి తీరమున ఉప్పు పట్టినప్పుడును, మన కృష్ణా గుంటూరు మండలముల సముద్రతీరమున దేశభక్తులు ఉప్పు వండి చెరసాలలకు నడచినప్పుడును, ఈ పన్నులోని అన్యాయమును దేశమున కెరుకపరచిన పూర్వుల ఋణము కొంత తీరినది.

పన్ను తగ్గింపుమనుటతో ఆయన ఆగలేదు. తీసికొన్న ధనమును దేనికి వ్యయము చేయుచున్నారని నిలదీసెను. సైన్యమునకును, ఐరోపీయ ఉద్యోగులకును, ఇనుపదారులకును దొరతనమువారి చేయి ధారాళము. పాఠశాలకు, మంచినీటికి, మురుగు కాలువలకు, పంటకాలువలకు వచ్చుసరికి అదే చేయి ముడుచుకొనును. సైనికవ్యయమును కట్టుబాటున ఉంచవలెననియు, మిగులు వచ్చినప్పుడు దానిని రైలుదారులకు ధారపోయక విద్యకు, పట్టణముల ఆరోగ్యమునకు వినియోగింపవలెననియు ఆయన సంవత్సరము వెంట సంవత్సరము వాదించెను. ఉన్నతోద్యోగములు దేశీయులకు ఈయకుండుటవలన ధనమేగాక, పరిపాలనానుభవము కూడ దేశము కోల్పోవుచున్నదని చూపెను.

లెక్క అడుగుటకు ముందు లెక్క తెలియవలెను. కావుననే 1903లో ప్రభుత్వ రహస్యముల చట్టమును సవరించు బిల్లు వచ్చినప్పుడు ఆయన దానిని తీవ్రముగా ప్రతిఘటించెను. సైనిక రహస్యములకు గల రక్షణమును సామాన్య పరిపాలనా విషయములకు కూడ విస్తరింపజేయుటయే దాని యుద్దేశము. ఉద్యోగుల తప్పులు బయటపెట్టు పత్రికలు మూగవోవుననియు, ప్రజలకును పాలకులకును నడుమ చీకటి దట్టమగుననియు ఆయన హెచ్చరించెను. 1904లో కొలది మార్పులతో ఆ బిల్లు చట్టమయ్యెను. 1907లో సభలను అణచు బిల్లును సైతము ఆయన ఎదిరించెను. అయితే 1910 నాటి పత్రికా చట్టము విషయమున ఆయన పూర్వపు ధైర్యమును చూపలేదనుట సత్యము. దేశమున హింసాకృత్యములు ప్రబలినవని తలచి, దానిని గట్టిగా అడ్డగింపక విడిచెను. ఆ చట్టమువలన ఎన్నియో దేశభాషా పత్రికలు జామీనులు కట్టలేక మూతపడెను. మహనీయుని చరిత్రము వ్రాయునప్పుడు ఈ లోపమును కప్పిపుచ్చుట మాకు సమ్మతము గాదు.

1905లో కాశీ కాంగ్రెసునకు అధ్యక్షుడయ్యెను. ఆ సంవత్సరము జూను 12వ తేదీననే భారత సేవక సంఘమును స్థాపించి, స్వల్ప జీవనముతో దేశసేవ చేయు యువకులను అందు చేర్చెను. ఇంగ్లండునకు పలుమారులు వెడలి మార్లే ప్రభువుతో మంతనములు సలిపెను. 1909 నాటి సంస్కరణములలో ఆయన యాశించినదంతయు రాలేదు. సర్కారు ఉద్యోగుల ఆధిక్యము రాజప్రతినిధి సభలో అట్లే నిలిచెను. అయినను ప్రశ్న వేసినవాడు అనుబంధ ప్రశ్న వేయుటకును, తీర్మానములు ప్రతిపాదించుటకును, వానిపై ఓటు అడుగుటకును అవకాశము కలిగెను. ఆ చిన్న సందులోనుండియే ఆయన పెద్దపనులు చేయబూనెను.

మొదటిది నేటాలు కూలీల విషయము. 1860 మొదలు చెన్నపట్నపు రేవునుండి ఒప్పందముపై ఓడలెక్కి దక్షిణాఫ్రికా చెరకు తోటలకు వెడలినవారిలో తమిళులతోపాటు మన తెలుగువారును వేలకొలది గలరు. వారి కష్టము మనకు పరుల కష్టము కాదు. ఒప్పందము తీరినవారు అచ్చటనే నిలిచినచో తలకు 3 పౌనుల పన్ను చెల్లింపవలెను. 1910 ఫిబ్రవరిలో, నేటాలునకు కూలీలను చేర్చుట మాన్పవలెనని గోఖలే తీర్మానము తెచ్చెను. దొరతనమువారు దానిని అంగీకరించిరి. 1911 జూలై 1వ తేదీనుండి నేటాలునకు ఎగుమతి నిలిచెను. 1912లో స్వయముగా దక్షిణాఫ్రికాకు వెడలి గాంధీజీతో సంచరించి, మంత్రులను కలిసికొని 3 పౌనుల పన్ను తీసివేయుమని కోరెను. అది 1914లో రద్దయ్యెను. ఒప్పంద కూలీ పద్ధతిని సమూలముగా తీసివేయుమను ఆయన తీర్మానము 1912లో ఓడినను, ఆయన గతించిన పిమ్మట ఆ పద్ధతియే అంతరించినది.

ఇక ఆయన జీవితమున మకుటాయమానమైన కార్యము, పైకి చూచిన అపజయమైనది, నిర్బంధ ప్రాథమిక విద్యా ప్రయత్నము. ఊళ్లు అయిదింట నాల్గింటికి బడి లేదని 1904లో దొరతనమువారే ఒప్పుకొనిరి. 1911 జనాభా లెక్కలలో అక్షరములు వచ్చినవారు నూటికి ఆరుగురైన లేరు. ఇంగ్లండు 1870లో మొదలిడి 1880 నాటికి నిర్బంధ విద్యను నెలకొల్పెను. జపాను 1872లో పూనుకొనెను. మన దేశముననే బరోడా మహారాజు 1906లో తన సంస్థానమంతట నిర్బంధ విద్యను అమలుపరచెను. బరోడాలో సాధ్యమైనది పొరుగుననున్న బ్రిటిషు జిల్లాలలో ఏల అసాధ్యము? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుట అధికారులకు కష్టమయ్యెను.

1910 మార్చిలో తీర్మానము తెచ్చి, పరిశీలింతుమను మాటపై ఉపసంహరించుకొనెను. మాటతో తృప్తినొందక 1911 మార్చి 16వ తేదీన స్వయముగా బిల్లు ప్రవేశపెట్టెను. ఆ బిల్లు ఎంత మెత్తనిదో చూడుడు. ఆరేండ్లనుండి పదేండ్ల వయస్సు గల బాలురకు మాత్రమే మొదట అది వర్తించును. తమ ప్రాంతమున బాలురు తగుపాళ్లలో ఇదివరకే బడికి పోవుచున్నచో, మునిసిపాలిటీగాని జిల్లా బోర్డుగాని తాము కోరినప్పుడు, అదియును దొరతనమువారి అనుమతితో, నిర్బంధమును అమలుపరుపవచ్చును. వ్యయమున మూడింట రెండుపాళ్లు సర్కారును, ఒకపాలు స్థానిక సంస్థయు భరింపవలెనని ఆయన సూచన. అధికారులు ఏయే అభ్యంతరములు చెప్పుదురో ముందుగా ఊహించి, ప్రతిదానికిని ఒక కట్టుబాటు బిల్లులోనే చేర్చెను.

అయినను అభ్యంతరములకు కొదువ లేదు. ప్రజలు కోరలేదని కొందరు, ఉపాధ్యాయులు లేరని కొందరు, ధనము లేదని కొందరు, బలవంతము లేకయే విద్య వ్యాపించుచుండగా తొందరయేల యని కొందరు పలికిరి. సర్కారు ఉద్యోగులు ఎదిరించుటలో వింతలేదు. మనవారిలోనే పెద్ద భూస్వాములు కొందరు వెనుకాడుట శోచనీయము. పాలేరు కొడుకు పలక పట్టినచో పసులు కాయువాడెవడు, నాగలి పట్టువాడెవడు అను భయమే దానికి మూలము. మా పాఠకులలో భూమిగలవారు పెక్కురున్నారు. ఆనాటి ఆ భయము తమ యిండ్లలోని వృద్ధులకు లేకుండెనా యని వారే యోచింతురుగాక. కూలివాని బిడ్డ అజ్ఞానముపై నిలిచిన వ్యవసాయము ఎన్నాళ్లు నిలుచును?

1912 మార్చి 18, 19 తేదీలలో చర్చ జరిగెను. మదనమోహన మాలవ్యా, జిన్నా మున్నగువారు గోఖలేకు బాసటయైరి. విద్యాశాఖ వహించిన సర్ హార్కోర్టు బట్లరు దొరతనమువారి పక్షమున నిరాకరించెను. బిల్లును ఉపసంఘమునకు పంపవలెనను ప్రతిపాదనకు అనుకూలముగా 13, ప్రతికూలముగా 38 ఓట్లు వచ్చెను. ఓటమి నిశ్చయమని గోఖలే ఎరుగనివాడు కాడు. నిస్పృహగాని, కోపముగాని ఆయన కనబరుపలేదు. తన తరమువారికి జయము ప్రాప్తము కాదనియు, అపజయములచేతనే దేశమునకు సేవచేయుట వారి పాలికి వచ్చినదనియు ఆయన భావము.

ఆ అపజయము ఏమి ఫలించినదో కాలము తెలిపినది. 1918లో విఠల్‌భాయి పటేలు పూనికచే బొంబాయి రాజధానిలో నిర్బంధ విద్యా చట్టము వచ్చెను. 1920లో మన చెన్నపురి రాజధానిలో ప్రాథమిక విద్యా చట్టమైనది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, పదునాలుగేండ్ల వరకు బాలబాలికలందరకు ఉచిత నిర్బంధ విద్యను పదేండ్లలో సమకూర్ప యత్నింపవలెనని విధించెను. ఆ పదేండ్లు గడచి, మరి నాలుగు పదులు గడచిన పిమ్మట, 2002లో విద్యను ప్రాథమిక హక్కుగా రాజ్యాంగమున చేర్చిరి. 2009లో చట్టము చేసి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలుపరచిరి. గోఖలే బిల్లు తెచ్చిన దినమునుండి లెక్కించిన 99 సంవత్సరములు! అందులో 36 ఏండ్ల యాలస్యము పరప్రభుత్వముది, తక్కినది మనది. ఇది సిగ్గుపడవలసిన లెక్క.

దక్షిణాఫ్రికా ప్రయాణమును, సర్కారు ఉద్యోగముల విచారణ సంఘమున చేసిన శ్రమయు ఆయన దేహమును క్రుంగదీసెను. మధుమేహము ముదిరెను. 1914లో దొరతనమువారు సర్ బిరుదము నీయజూపగా ఆయన స్వీకరింపలేదు. 1915వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన, 49వ యేట, పూనాలో దేహము చాలించెను. జీవితమంతయు మార్గభేదముచే దూరమైయుండిన లోకమాన్య తిలక్ శ్మశానమునకు వచ్చి, ఆ దేశభక్తుని మార్గము ననుసరింపుమని జనులకు చెప్పెను. గాంధీజీ ఆయన యాదేశము ప్రకారము ఒక సంవత్సరము దేశమంతయు చూచుచు మౌనముగా గడపెను.

అర్జీల రాజకీయమువలన స్వరాజ్యము వచ్చునా యని జాతీయవాదులు గోఖలేను పరిహసించిన మాట నిజము. కేవలము సభలోని ఉపన్యాసములవలన స్వరాజ్యము రాలేదు. లక్షలకొలది సామాన్యుల త్యాగమువలన వచ్చినది. కాని స్వరాజ్యము వచ్చిన పిమ్మట దానిని నిలుపుకొనుటకు కావలసిన విద్య యేది? పాలకుడు పరుడైనను, స్వజనుడైనను, నీవు తీసికొన్నదెంత, వ్యయపెట్టినదెంత, మిగిలినదెంత, మా ఊరి బడికి చేరినదెంత అని మర్యాద తప్పక, తల వంపక అడుగుటయే ఆ విద్య. ఆ విద్యకు ఆచార్యుడు గోఖలే.

నేటి శాసనసభ్యునకు గోఖలే కలలోనైన కానని అధికారములున్నవి. ప్రశ్నల సమయమున మంత్రిని నిలబెట్టి అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. ప్రతి శాఖ కోరు పద్దును తగ్గింప ప్రతిపాదించి ఓటు అడుగవచ్చును. లెక్కలను తనిఖీచేయు స్వతంత్రాధికారి కలడు. ఆ నివేదికలను పరిశీలించు ప్రజాపద్దుల సంఘము కలదు. అయినను గడువు ముగిసినదని కోట్ల రూపాయల పద్దులను చర్చ లేకయే గిలటినుక్రింద పెట్టి ఒక్క గడియలో ఆమోదించుట పార్లమెంటున తరచుగా చూచుచున్నాము. రాష్ట్ర శాసనసభలును దీనికి దూరము కావు. కేకలచే ప్రశ్నల సమయము వ్యర్థమగుచున్నది. తనిఖీ నివేదిక బల్లమీద పెట్టబడి, దుమ్ము పట్టుచున్నది. ఓటు లేనివాడు రాత్రులు మేలుకొని లెక్కలు చదివెను. ఓటు గలవాడు చదువక చేయెత్తుచున్నాడు. ఇంతకంటె విపరీతమేమున్నది?

దోషము సభ్యులదే యని తప్పుకొనుటకు మనకు వీలులేదు. రానడే ఉపదేశమును మరల జ్ఞప్తికి తెచ్చుకొందము. సభలోని ప్రశ్న ప్రజల నుద్దేశించినది. వినువారు లేని ప్రశ్న ఎడారిలో కేక. తమ ప్రతినిధి ఏ పద్దుపై ఏమి మాటలాడెనో ఎరుగని ఓటరు, పెండ్లికి వచ్చెనా, పరామర్శకు వచ్చెనా యని మాత్రమే చూచును. అట్టి ఓటరునకు అట్టి ప్రతినిధియే దొరకును. ఊరి బడిలో ఉపాధ్యాయుడున్నాడా, వైద్యశాలలో మందు కలదా, చెరువు మరమ్మతునకు వచ్చిన సొమ్ము చెరువున పడినదా అని గ్రామమున పెద్దమనుష్యులు, పట్టణమున విద్యాధికులు అడుగ నారంభించిన దినమున సభలోని సభ్యుడును అడుగక తీరదు. అడుగుడు, రుజువుతో అడుగుడు, జవాబు వచ్చువరకు అడుగుడు. ఆ మహనీయునకు మనము చెల్లింపదగిన తర్పణము అదియే.